హఫ్సాను ఎవరు చూసుకుంటారు

జనవరి 1, 1993. శుక్రవారం. ఇబ్రి, ఒమాన్

మందుల కంపెనీవాళ్లు వార్డులో అందరికీ తలా ఒక డైరీ పంచారు. మిగతా సిస్టర్లు వాటిని పిల్లల చేతికిచ్చి గీతలు గీయిస్తారు. నేను మాత్రం రాసుకుందామనుకుంటున్నాను. మా ఆయనది ఉర్దూ మీడియం చదువు, తెలుగు కూడబలుక్కుని కూడా చదవలేరు. మైదుకూరు హైస్కూల్లో నేర్చుకున్న అక్షరాలకు ఇన్నాళ్లకు ఒక పని దొరికింది. ఇందులో మజహర్ అని ఆయన పేరు కూడా రాయొచ్చు. ఎదురుగా ఒక్కసారీ పిలిచి ఎరగను.

కాన్పు సెలవు, దాచుకున్న సెలవు రెండూ అయిపోయాయి. రేపు డ్యూటీలో చేరాలి. హఫ్సాకు రెండు నెలలు దాటి తొమ్మిది రోజులు.

కుల్సుమ్ దగ్గర వదలాలి. ఆమె భర్త ఖమరుద్దీన్ బజార్లో టైలరు. హైదరాబాదు వాళ్లు. ఒక్క గదిలో ఐదుగురు పిల్లల్ని చూస్తోంది, అందరూ మా ఆస్పత్రి సిస్టర్ల పిల్లలే. హఫ్సా ఆరోది. ఈ ఊళ్లో పిల్లల్ని చూసేవాళ్లు ఇంకెవరూ లేరు, కాబట్టి కుల్సుమ్ మంచిదే అయి ఉండాలి.

జనవరి 2

వదిలాను. అది ఏడవలేదు. నేనూ ఏడవలేదు. పదకొండింటికల్లా పాలు కారి గౌను ముందంతా తడిసిపోయింది. మీద ఏప్రాన్ కట్టుకుని పని చేశాను.

జనవరి 6

కుల్సుమ్ దగ్గర రోజంతా నిద్రేనట. ఇంటికి తెచ్చాక కూడా నిద్రే. నా దగ్గర గంటకోసారి లేచే పిల్ల. కొందరి చేతిలో అలా ఉంటుంది, పిల్లలు నెమ్మదిస్తారు.

జనవరి 9

దాని నోటి దగ్గర తియ్యటి వాసన. గ్రైప్ వాటర్ అయి ఉంటుంది. రేపు అడుగుతాను.

జనవరి 10

అడగలేదు.

జనవరి 11

గ్రైప్ వాటర్ కాదు. ఎనిమిదేళ్లుగా నర్సును నేను. పెద్దవాళ్ల దగ్గు మందు వాసన నాకు తెలియదా? మొన్ననే తెలిసింది. తెలిసి కూడా నిన్న పంపాను, ఇవాళ కూడా పంపాను. ఈ మాట డైరీలో కాక ఇంకెక్కడ ఒప్పుకుంటాను.

సాయంత్రం కుల్సుమ్‌ను నిలదీశాను. ఆమె దాచలేదు.

"ఒక్క చెంచానే బాజీ. మంచిగ పండుకుంటరు. నా పోరగాండ్లకు గూడ ఇదే పోసి పెంచిన."

"పసిబిడ్డ కుల్సుమ్ అది. ఊపిరి ఆగిపోతే?"

"ఆరుగురు ఒక్కపారి ఏడిస్తె నేనేం జెయ్యాలె? నాకున్నయి రెండే చేతులు గద బాజీ."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ గదిలో చాప మీద వరసగా పడుకున్న ఐదుగురిని చూస్తే ఎవరి మీద కోపమో తెలియలేదు. హఫ్సాను చంకన వేసుకుని వచ్చేశాను. మిగతా తల్లులకు చెప్పాను. ఒక్కరూ తమ పిల్లల్ని తీసుకెళ్లలేదు. ఎక్కడికి తీసుకెళ్తారు?

జనవరి 14. గురువారం

మజహర్ తాను పనిచేసే సోహార్ నుంచి కంపెనీ పికప్‌లో వచ్చారు. పదిహేను రోజులకోసారి వస్తారు, శుక్రవారం సాయంత్రం వెళ్లిపోతారు. మూడు రోజులుగా నేను జ్వరమని చెప్పి డ్యూటీ ఎగ్గొడుతున్నాను.

"నన్నేం జెయ్యమంటావ్ హుస్నా? కంపెనీవాడు ఫ్యామిలీకి రూమ్ ఇయ్యడు. ఒగ రూములో ఎనిమిది మందిమి పండుకుంటాండాం."

"పనిమనిషికి వీసా తీస్తే?"

"అది పెద్ద ఆఫీసర్లకు కుదురుతాది, మనకు యాడ కుదురుతాది?"

"అయితే నేను ఉద్యోగం మానేస్తా. పిల్లను తీసుకుని ఊరికి పోతా."

 ఆయన ఫ్యాన్ వైపు చూశారు. జనవరిలో ఫ్యాన్ తిరగడం లేదు, అయినా చూశారు. ఆయన ఇంటికీ మా ఇంటికీ అన్నం నా జీతం మీదే ఉడుకుతోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒక్కసారి ఆయన నోట వింటే బాగుండునని మాత్రం అనుకుంటాను.

జనవరి 16

ఇంక ఏ దారీ తోచక హఫ్సాను ఆస్పత్రికి తీసుకెళ్లాను. దుప్పట్లు పెట్టే గదిలో, కింది అరలో మెత్తగా పక్క వేసి పడుకోబెట్టాను. గంటకోసారి దుప్పటి కోసమన్నట్టు వెళ్లి చూసి వచ్చాను. పదింటికి ఏడ్చింది. మేట్రన్ కంటే ముందు నేను అక్కడికి పరుగెత్తలేకపోయాను.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "వార్డు నిండా విరేచనాల కేసులున్నాయి. నువ్వు నర్సువేనా సిస్టర్?" అని మాత్రం అడిగింది. మంగళవారం దాకా టైమిచ్చింది. అప్పటికి మనిషినైనా చూసుకోవాలి, రాజీనామా అయినా ఇవ్వాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జనవరి 19. మంగళవారం

యూనిఫాం వేసుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని వాకిలి మెట్టు మీద కూర్చున్నాను. ఏడున్నరకు డ్యూటీ. ఏడు దాటింది. ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు కూడా యూనిఫాం మాత్రం ఎందుకు వేసుకున్నానో.

మేం ఉండేది ఓ ఒమానీ వాళ్ల ఇంటి వెనక రెండు గదుల్లో. ఇంటావిడను అందరూ ఉమ్ నాసర్ అంటారు, అంటే నాసర్ వాళ్లమ్మ అని. అసలు పేరేమిటో నాకూ తెలియదు. ఏడుగురు పిల్లల తల్లి. ఆఖరివాడికి వచ్చే వారం రెండేళ్లు. ఆమె కొట్లవాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీ, నేను వార్డులో నేర్చుకున్న అరబ్బీ కలిపి ఇద్దరం నెట్టుకొస్తాం.

కోళ్లకు గింజలు వేయడానికి వచ్చి నన్ను చూసింది.

"ఎందుకు ఏడుపు? బిడ్డ బాగుంది. నువ్వూ బాగున్నావు."

"డ్యూటీకి పోవాలి. బిడ్డను చూసేవాళ్లు లేరు."

"నేను లేనా? రోజంతా ఇంట్లోనే కదా ఉండేది."

గింజల గిన్నె నా చేతికిచ్చి హఫ్సాను తీసుకుంది. రెండేళ్లుగా ఒకే వాకిట్లో ఉంటూ ఆమెను అడగాలని నాకు తోచనే లేదు. ఇంటి యజమానురాలు మన పిల్లను చూడడమేమిటని అనుకున్నాను. మనవాళ్ల గడపలన్నీ ఎక్కి దిగాను. ఈ గడప పది అడుగుల దూరంలో ఉంది.

సీసా, పాలపిండి డబ్బా, కాచిన నీళ్ల ఫ్లాస్కు, ఎన్ని చెంచాలు కలపాలో అన్నీ చూపించాను. తల ఊపింది. పది నిమిషాలు ఆలస్యంగా డ్యూటీలో చేరాను.

జనవరి 24

హఫ్సా నవ్వుతోంది. ఒంటి నిండా సాంబ్రాణి పొగ వాసన. కళ్లకు కాటుక.

జనవరి 27

ఈ రోజు డ్యూటీలో గౌను తడవలేదు.

జనవరి 28

ఈ రోజు కూడా.

ఫిబ్రవరి 1

నెల జీతం రాగానే కవరు తీసుకెళ్లాను. ఉమ్ నాసర్ దాన్ని హఫ్సా బట్టల మూటలోనే మళ్లీ పెట్టి పంపింది. పొరుగువాళ్లకు ఎవరైనా ఇస్తారా అని అడిగింది. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు భయం కూడా. జీతం తీసుకునే మనిషైతే ఇలా చెయ్యి, అలా చెయ్యకు అని చెప్పొచ్చు. ఊరికే చూసే మనిషికి ఏం చెప్తాం?

ఫిబ్రవరి 6. శనివారం

ఇవాళ వార్డులో పని తక్కువని గంట ముందే వదిలారు.

ఉమ్ నాసర్ వాళ్ల వంటింటి తలుపు తీసే ఉంది. ఆమె పీట మీద కూర్చుని ఉంది. ఓణీలోంచి హఫ్సా కాళ్లు మాత్రమే కనిపించాయి. మెల్లగా ఆడిస్తోంది. పాలు తాగేటప్పుడు అది కాళ్లు అలాగే ఆడిస్తుంది.

వెనక్కి వచ్చేశాను. మా గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, మళ్లీ గట్టిగా చెప్పుల చప్పుడు చేసుకుంటూ, దగ్గుకుంటూ వెళ్లాను. ఆమె హఫ్సాను భుజాన వేసుకుని వీపు తడుతోంది. "ఇవాళ త్వరగా వచ్చావే," అంది. సీసా గూట్లో బోర్లించి ఉంది.

ఆఖరివాడికి రెండేళ్లు నిండి పాలు మాన్పించింది కదా, హఫ్సా మధ్యమధ్యలో ఊరికే చీకుతుందేమో. ఒకటి రెండుసార్లు అయి ఉంటుంది. పిల్ల ఏడిస్తే ఏ ఆడదైనా చేస్తుంది.

ఫిబ్రవరి 10

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈమె అడగకుండానే పెట్టింది. మరి నేనేమయ్యాను?

పాలపిండి డబ్బా ఎంత ఖాళీ అయిందో చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఆమెతో మాట్లాడాలి. మాట్లాడితే ఆమె నొచ్చుకుంటుంది, మర్నాడు నేను మళ్లీ మెట్టు మీద కూర్చోవాలి. మాలో బిడ్డకు పాలిచ్చిన ఆడది ఊరికే ఆయా కాదు, తల్లే. ఆమె పిల్లలు ఈ బిడ్డకు తోడబుట్టినవాళ్లతో సమానం, పెళ్లిళ్లు కూడా కుదరవు. తండ్రిని అడక్కుండా అలాంటి చుట్టరికం కలుపుకోకూడదు. ఇదంతా నాకు తెలుసు. అందుకే చూడలేదు.

ఫిబ్రవరి 12

మజహర్ హఫ్సాను ఎత్తుకుని, "డబ్బా పాలు బాగా పట్టినాయే దీనికి, బుగ్గలు చూడు," అన్నారు.

అవునన్నాను.

ఫిబ్రవరి 23

రంజాన్ మొదటి రోజు. మధ్యాహ్నం హఫ్సాను తెచ్చుకోవడానికి వెళ్తే ఉమ్ నాసర్ వంటింట్లో ఖర్జూరం తింటోంది. నన్ను చూసి దాచుకోలేదు. పాలిచ్చే తల్లికి ఉపవాసం మినహాయింపు ఉంది, తర్వాత ఉండొచ్చు. ఆమె అంత మామూలుగా తింటోంది. నాకు కూడా తెలుసని ఆమె అనుకుంటోంది. నాకు తెలుసు కూడా.

ఉపవాసంతో డ్యూటీ చేసి వచ్చాను నేను. పాలున్న తల్లి తింటోంది, పాలు లేని తల్లి ఉపవాసం ఉంది. లెక్క సరిపోయింది.

మార్చి 4. గురువారం

రంజాన్ కాబట్టి మజహర్ ఈసారి వారానికే వచ్చారు. ఇవాళ అబూ నాసర్, అంటే ఉమ్ నాసర్ భర్త, మజహర్‌ను ఇఫ్తార్‌కు పిలిచాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. మగవాళ్లు ముందు గదిలో కూర్చున్నారు. తిరిగొచ్చిన మజహర్ ముఖం చూడగానే నాకు అర్థమైంది.

పాపం అబూ నాసర్ సంతోషంగానే చెప్పాడట. నీ కూతురు మా కూతురైంది, దానికోసమే మా ఇంటావిడ ఈసారి రోజాలు ఉండడం లేదు, అని.

"నీకు తెలుసునా?"

"తెలీదు."

"నర్సువి నువ్వు. బిడ్డ ఏం తాగుతాందో నీకు తెలీదా?"

"డ్యూటీలో ఉంటా కదా నేను."

ఎంత సులువుగా వచ్చింది అబద్ధం. ఒక అబద్ధంతో ఉమ్ నాసర్‌ను దొంగను చేశాను. నా బిడ్డకు ఆకలి తీర్చిన పాపానికి.

"ఒగ చుక్క తాగినా తల్లేనంట. మసీదులో మౌల్వీని అడిగొచ్చినా. తప్పేం లేదన్నాడు. తప్పుందని నేనూ అనను. నన్నొగ మాట అడగల్నా వద్దా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మా అబ్బా సచ్చిపోయినాక ఊర్లో ఎవురిండ్లలోనో తిని పెరిగినోన్ని నేను. ఎవురు యేం పెడితే అది. నా బిడ్డకు గూడా అదే గతి పట్టాల్నా?"

 ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ఇంతసేపూ ప్రయత్నిస్తున్నాను. రావడం లేదు.

మార్చి 5

నిర్ణయమైపోయింది. హఫ్సా మైదుకూరు వెళ్తుంది, ఆయన అక్క అఫ్రీన్ ఆపా దగ్గరికి. సోహార్‌లో ఉండే మా ఊరి నిజాముద్దీన్, భార్యాభర్తలిద్దరూ పండగయ్యాక ఊరికి పోతున్నారు. ఆ భార్య ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తుంది. బొంబాయి దాకా విమానం, అక్కణ్ణుంచి కడపకు రైలు. ఆమె హఫ్సాను ఒక్కసారి కూడా ఎత్తుకుని ఎరగదు.

"ఆపాకు పెండ్లయి పదేండ్లయింది, పిల్లల్లేరు. నెత్తిన పెట్టుకుని చూసుకుంటాది."

"ఎన్నాళ్లు?"

"నడిచేదంక."

నెత్తిన పెట్టుకున్నవాళ్లు దించడానికి ఇష్టపడతారా? ఈ మాట నోట్లోనే ఉండిపోయింది.

మార్చి 6

సీసా మాత్రమే పట్టమని ఉమ్ నాసర్‌కు చెప్పాను. తల ఊపింది. ఆమె ఏం చేసిందో నేను చూడలేదు.

మార్చి 13

ఉమ్ నాసర్‌కు చెప్పాను. చెప్పక తప్పదు కదా.

"ఎవరితో పంపుతున్నావు?"

"మా ఊరివాళ్లతో."

"బిడ్డకు ఆమె తెలుసా?"

"తెలియదు."

"అక్కడున్న ఆమె తెలుసా?"

"తెలియదు. ఆయనకు అక్క."

ఉమ్ నాసర్ చాలాసేపు హఫ్సా జుట్టుకు నూనె రాస్తూ కూర్చుంది. రాయడానికి అంత జుట్టు కూడా లేదు దానికి. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. అబూ నాసర్ వద్దంటే మా ఆయన ఆగుతారు, పెద్దమనిషి మాట కొట్టేయరు, అన్నాను. నేను చెప్పమన్నానని మాత్రం చెప్పొద్దన్నాను.

ఆమె నా వైపు చూసి, "నువ్వు వద్దనలేదా?" అంది.

"నా మాట చెల్లదు."

వద్దని అన్నానో లేదో కూడా గుర్తు లేదు కదా, చెల్లుతుందో లేదో ఎలా తెలుస్తుంది. ఆ రోజు నేను అడిగింది ఎన్నాళ్లు అనే.

మార్చి 20

హఫ్సా పాస్‌పోర్టు ఫోటో వచ్చింది. పట్టుకున్న చెయ్యి నాది, గాజుల దాకా కనిపిస్తోంది.

అబూ నాసర్ ఒప్పుకోడు. నాకు నమ్మకముంది. కూతురన్నాడు కదా.

మార్చి 24

ఈద్. వాళ్లింటి నుంచి హల్వా, మాంసం. హఫ్సాకు వెండి జరీ అంచు గౌను. ఉమ్ నాసర్ స్వయంగా కుట్టింది. చేతులు పొడుగ్గా ఉన్నాయి, వచ్చే పండక్కి కూడా సరిపోతాయని అంది.

మార్చి 26. శుక్రవారం

 వరసగా రాయాలి.

జుమా నమాజు తర్వాత అబూ నాసర్ మా గదికి వచ్చాడు. రెండేళ్లలో మొదటిసారి. మజహర్ కంగారుపడి కుర్చీ తుడిచారు. నేను లోపలి గదిలో, పరదా వెనక హఫ్సాతో ఉన్నాను. కాఫీ తాగారు, ఎండల సంగతి, సోహార్ పని సంగతి మాట్లాడారు. తర్వాత అసలు మాటకు వచ్చాడు. వాళ్లు మాట్లాడింది అరబ్బీ, హిందీ కలిపి. నాకు ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

బిడ్డను ఎందుకు పంపుతున్నావని అడిగాడు. మజహర్ తన కారణాలన్నీ చెప్పారు. మా భారం మీ మీద వేయలేను, బిడ్డ తన వాళ్ల మధ్య పెరగాలి, అని. అబూ నాసర్ అంతా విన్నాడు. వాదించలేదు.

"పాలు తాగినందువల్ల మా పిల్లలు దానికి అన్నలూ అక్కలూ అయ్యారు. నేను దాని తండ్రినైపోలేదు. తండ్రివి నువ్వు. నీకు అడ్డం నిలబడే హక్కు నాకు లేదు," అన్నాడు. తర్వాత గొంతు పెంచి పరదా వైపు మాట్లాడాడు.

"బిడ్డ తల్లి ఏమంటుంది? ఆమె పంపనంటే నేనిక్కడే కూర్చుంటాను. ఆమె భర్త ఒప్పుకునేదాకా లేవను. పంపుతానంటే నాకు మాట లేదు."

ఇన్ని నెలల్లో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మేట్రన్ అడగలేదు, మజహర్ అడగలేదు. పరదా కుచ్చు నా చేతిలో ఉంది. అవతల మజహర్ ఊపిరి కూడా వినిపిస్తోంది.

"వాళ్ల నాయన ఇష్టం," అన్నాను.

అబూ నాసర్ లేచి, సలాం చెప్పి వెళ్లిపోయాడు.

మార్చి 27

భర్తను పరాయివాళ్ల ముందు తక్కువ చేయకూడదని అలా అన్నాను.

మార్చి 28

అంత పెద్దమనిషిని మా ఇంటి గొడవలోకి లాగకూడదని అలా అన్నాను.

మార్చి 29

ఈ రెండూ కాదు. ఆయన అడిగిన క్షణంలో నా కళ్ల ముందు వచ్చే వారం డ్యూటీ చార్టు కనబడింది. దాన్ని పంపేస్తే ఇక ఎవరి గడపా ఎక్కనక్కర్లేదు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు, ఏదీ చూడనట్టు నటించనక్కర్లేదు అనిపించింది. అలసిపోయి ఉన్నాను. ఒక్క క్షణమే అనిపించింది. ఆ క్షణంలోనే అడిగాడు.

ఏప్రిల్ 1

మజహర్‌తో, వద్దండీ పంపొద్దు అన్నాను. ఆయన హఫ్సా బట్టల సూట్‌కేసు మూస్తూ, "ఆ పొద్దు అడిగినప్పుడు జెప్పింటే అయిపోయేది కదా హుస్నా," అన్నారు. కోపంగా కాదు. ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

ఏప్రిల్ 3. శనివారం

సీబ్ ఎయిర్‌పోర్టు. నిజాముద్దీన్ భార్యకు హఫ్సాను ఇచ్చాను. కొత్త ముఖం చూసి కూడా ఏడవలేదు. చేతులు మారడం దానికి అలవాటైపోయింది.

ఏప్రిల్ 5

టెలిఫోన్ బూత్ నుంచి మైదుకూరుకు మాట్లాడాను. చేరింది. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉందట. అఫ్రీన్ ఆపా గొంతులో సంతోషం దాచుకున్నా దాగడం లేదు. "నన్ను చూసి నవ్వింది. నువ్వేం బెంగ పెట్టుకోవద్దు," అంది. పక్క నుంచి హఫ్సా ఏదో చప్పుడు చేసింది. లైను కట్టయింది.

ఇవాళ డ్యూటీకి పావుగంట ముందే వెళ్లాను. మేట్రన్ మెచ్చుకుంది.

ఏప్రిల్ 7. బుధవారం

అబూ నాసర్ వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి హఫ్సాను నేనే దింపి తెచ్చుకున్నాను, ఉమ్ నాసర్ మా వైపు రాలేదు. ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. నడక తేడాగా ఉంది, భుజాలు ముందుకు వంచి, ఓణీ లోపల చేతులు అడ్డం పెట్టుకుని. చెయ్యి పట్టుకుంటే జ్వరం.

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిడితే ఎంత బాగుండును.

"నువ్వు నర్సువి కదా," అంది. "పాలు గడ్డకట్టాయి. తాగేవాళ్లు లేరు. ఎలా ఆపాలి?"

లోపలికి తీసుకెళ్లి చూశాను. రెండు వైపులా రాయిలా ఉన్నాయి. చన్నీళ్ల గుడ్డ వేశాను. నొప్పి తగ్గే వరకు కొంచెం పిండి తీశాను. గ్లాసు సగం నిండింది. ఏం చేయాలో తెలియక దాన్ని కిటికీలో పెట్టాను. మాత్రలిచ్చాను, జ్వరం పెరిగితే ఆస్పత్రికి రమ్మన్నాను. ఆమె ఇంతసేపూ ఒక్కసారి కూడా మూలగలేదు.

బట్టలు సర్దుకుంటూ, నన్ను ఓదార్చాలనుకుందో ఏమో, నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"నీకెన్ని రోజులు పట్టింది, ఎండిపోవడానికి?"

హఫ్సా వెళ్లాక అని ఆమె ఉద్దేశం. నేనూ నాలుగు రోజులుగా ఈ నొప్పే పడి ఉంటాననుకుంది.

మూడు రోజులన్నాను. నమ్మింది.